గేటు దాటిన తరువాత: దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ ప్రాంతం, అనాథ యువత, అనంతర సంరక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అనాథాశ్రమంలోనో, పోషక కుటుంబంలోనో పెరిగిన పిల్లలు స్వతంత్ర జీవనంలోకి అడుగుపెట్టేటప్పుడు వారికి అందవలసిన ఆసరాను చట్ట పరిభాషలో ‘అనంతర సంరక్షణ’ అంటున్నారు. ఈ భావన 1850 నాటి అప్రెంటిస్ చట్టం నుంచి 2015 నాటి బాలన్యాయ చట్టం వరకు ఏ రూపాలు పొందిందో తూర్పు హైదరాబాదును ఆధారం చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనంతర సంరక్షణకు సంస్థ గేటే ఆది నుంచీ కొలబద్ద అయిందనీ, అందువల్ల కుటుంబాలలో పెరిగిన అనాథలు దాని నిర్వచనానికి బయటే ఉండిపోయారనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతర సంరక్షణ, పోషక సంరక్షణ, విక్టోరియా మెమోరియల్ హోమ్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, బాలన్యాయ చట్టం.

1. ప్రవేశిక

హైదరాబాదు మెట్రో రైలు మార్గంలో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి దాటాక, చివరిదైన ఎల్.బి.నగర్‌కు ముందు వచ్చే స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మార్గం ప్రారంభమైన నాటి నుంచి ఆ పేరు రోజూ వేలమంది చెవిన పడుతున్నది. అది దేని స్మారకమో తెలిసినవారు మాత్రం తక్కువ. స్టేషనుకు ఆ పేరు పక్కనే ఉన్న అనాథాశ్రమం నుంచి వచ్చింది. ఆరవ నిజాం కాలంలో వెలసిన ఆ ఆశ్రమానికి ఒక వైపు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలు, ప్రైవేటు హాస్టళ్లు ఉన్నాయి; మరొక వైపు విజయవాడ, నాగార్జునసాగర్ దారులు చీలే ఎల్.బి.నగర్ కూడలి, రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు ఉన్నాయి. పడమటి దిక్కున కొద్ది దూరంలో సైదాబాద్‌లో ప్రభుత్వ బాలుర గృహాలు ఉన్నాయి. తల్లిదండ్రులు లేని పిల్లలను పెంచే వ్యవస్థ, ఊళ్ల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చే యువకులకు నీడనిచ్చే వ్యవస్థ ఇంత దగ్గరదగ్గరగా ఉన్న ప్రాంతం హైదరాబాదులో మరొకటి కనిపించదు.

ఈ రెండింటికీ నడుమ ఉన్న దారి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న. అనాథ బాలల చరిత్రను రాసినవారు ఎక్కువగా ఆశ్రమ స్థాపన గురించి, దాతల గురించి, లోపలి జీవితం గురించి రాశారు. పిల్లవాడు పెట్టె సర్దుకొని బయటికి వచ్చిన రోజుతో ఆ చరిత్ర సాధారణంగా ముగుస్తుంది. నిజానికి అతడి పెంపకం ఫలించిందా లేదా అని తేలేది ఆ రోజు నుంచే.

2. పెంపకం, వారాలు, వసతిగృహం

తల్లిదండ్రులు లేని పిల్లలను సాకడం తెలుగు సమాజానికి కొత్త కాదు. మేనమామ ఇల్లు, అమ్మమ్మ ఇల్లు, పిల్లలు లేని పెదనాన్న ఇల్లు ఆ పని చేశాయి. దత్తతకు శాస్త్రం ఉంది, తంతు ఉంది, ఆస్తి హక్కు ఉంది. ‘పెంపకం’ అన్న మాటకు మాత్రం శాస్త్రం లేదు. పెంచుకొన్న బిడ్డకు అన్నం పెట్టడం, చదివించడం, పెళ్లి చేయడం పెంచినవారి మంచితనానికి వదిలిన విషయాలు. ఇంటిపేరు మారదు, ఆస్తిలో వాటా రాదు. నేటి చట్టం ఫోస్టర్ కేర్ అని వ్యవహరిస్తున్న పోషక సంరక్షణకు మన సమాజంలో దగ్గరి రూపం దత్తత కాదు, ఈ పెంపకమే.

ఇల్లు విడిచి పట్నానికి వచ్చి చదువుకొనే పేద విద్యార్థికి ‘వారాలు’ ఆధారమయ్యాయి. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం చేస్తూ చదువు పూర్తిచేసినవారు గత శతాబ్ది తెలుగువారి ఆత్మకథలలో తరచుగా కనిపిస్తారు. దానిని దాతృత్వానికి నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. అయితే వారం దొరకాలంటే కులం తెలియాలి, ఊరు తెలియాలి, ఎవరి అబ్బాయో చెప్పేవారు ఒకరు ఉండాలి. ఆ ఏర్పాటు బీదవాడిని ఆదుకొంది కాని, ఎవరి వాడో తెలియనివాడిని ఆదుకోలేదు.

హైదరాబాదులో వారాల స్థానంలోకి కుల వసతిగృహాలు వచ్చాయి. రాజా బహదూర్ వెంకటరామరెడ్డి చొరవతో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వాటిలో ప్రసిద్ధం. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు అది గదిని మాత్రమే ఇవ్వలేదు. గ్రంథాలయాన్ని, పరిచయాలను, ఉద్యోగానికి సిఫారసు చేయగల పెద్దలను ఇచ్చింది. తరువాతి కాలంలో ఇతర కులాల వారు కూడా కాచిగూడ వంటి చోట్ల తమ విద్యార్థి వసతిగృహాలు కట్టుకొన్నారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల యువకుడికి నగరంలో కావలసినవి నాలుగు: పడుకొనే చోటు, రెండు పూటల తిండి, ఒక పని, తన గురించి ఒక మాట చెప్పే మనిషి. కుల వసతిగృహం ఈ నాలుగింటినీ ఒకేచోట సమకూర్చింది. ఆ అర్థంలో అది తెలుగునాట అత్యంత విజయవంతమైన అనంతర సంరక్షణ సంస్థ, అయితే అది కులం ఉన్నవారికి. కులం చెప్పలేని అనాథకు ఆ తలుపు ఎటునుంచీ తెరుచుకోలేదు.

3. 1850: చేతిపని ఒప్పందం

బ్రిటిష్ ఇండియాలో పిల్లల కోసం వచ్చిన మొట్టమొదటి చట్టాలలో ఒకటి 1850 నాటి 19వ చట్టం, అంటే అప్రెంటిస్ చట్టం. దాని పీఠికలోనే ప్రజల దాతృత్వంతో పెరిగే అనాథ, నిరుపేద బాలలు యుక్తవయసు వచ్చేసరికి జీవనోపాధి సంపాదించుకొనేలా వృత్తులు నేర్పించడం తన ఉద్దేశమని చెప్పుకొంది. ఆశ్చర్యమేమంటే, నేడు అనంతర సంరక్షణ అంటున్నదే ఆ చట్టానికి కేంద్రం. పిల్లవాడిని ఎక్కడ ఉంచాలన్న దాని కంటే ముందు, బయటికి వెళ్లి ఎలా బతుకుతాడన్న ప్రశ్నను ఆ చట్టం వేసుకొంది.

పదేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు ఉన్న పిల్లలను వృత్తి నేర్చుకొనేందుకు ఒక యజమాని వద్ద ఒప్పందం మీద చేర్చవచ్చు. గడువు ఏడేళ్లకు మించరాదు. మగపిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండేసరికి, ఆడపిల్లలకు పెళ్లి అయ్యేసరికి ఒప్పందం ముగియాలి. తండ్రి లేనిచోట ఆశ్రమ నిర్వాహకులే సంరక్షకులుగా సంతకం చేయవచ్చు. ఇందులో రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది ఇరవై ఒకటి అన్న వయసు. 165 ఏళ్ల తరువాత వచ్చిన చట్టం కూడా ఆ అంకె దగ్గరే ఆగింది. రెండవది ఆడపిల్లకు పెట్టిన గడువు. మగపిల్లవాడి స్వాతంత్ర్యాన్ని వయసుతో కొలిచిన చట్టం ఆడపిల్ల స్వాతంత్ర్యాన్ని పెళ్లితో కొలిచింది. ఆశ్రమంలో పెరిగిన యువతికి అధికారులే పెద్దలై పెళ్లి జరిపించి, దానినే పునరావాసంగా లెక్కగట్టే ధోరణి తెలుగు ప్రాంతాల సంక్షేమ గృహాలలో చాలాకాలం కొనసాగింది. దాని మూలాలు ఇక్కడే కనిపిస్తాయి.

ఈ చట్టం నిజాం రాజ్యానికి చెందినది కాదు. పైగా ఆచరణలో అది చవక శ్రమకు దారి కాగల చట్టం; పదేళ్ల పిల్లను ఏడేళ్లకు ఒప్పందం మీద అప్పగించడాన్ని ఈనాడు ఎవరూ సమర్థించరు. అయినా చరిత్రలో దీని స్థానం ముఖ్యమైనది. 1961లో కొత్త అప్రెంటిస్ చట్టం వచ్చినప్పుడు పాత చట్టం రద్దయింది. కొత్త చట్టం పరిశ్రమల అవసరాలకు తగిన శిక్షణ గురించి మాట్లాడింది. అందులో అనాథ ప్రస్తావన లేదు. చేతిపనికీ అనాథకూ ఉన్న చట్టబంధం అక్కడ తెగిపోయింది.

4. సరూర్‌నగర్ ఆశ్రమం

విక్టోరియా రాణి 1901 జనవరి 22న మరణించింది. ఆమె పేరిట దేశమంతటా ఆసుపత్రులు, మందిరాలు, విగ్రహాలు వెలిశాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో, సరూర్‌నగర్‌లోని రాజభవనం ఒకటి ఆమె స్మారకంగా అనాథాశ్రమమైంది. సామ్రాజ్ఞి పేరు పెట్టడంలో రాజభక్తి ప్రదర్శన లేకపోలేదు. కాని కలకత్తాలోని పాలరాతి మందిరంతో పోలిస్తే, ఈ స్మారకంలో పిల్లలు అన్నం తిన్నారు, చదువుకొన్నారు. సంస్థానం పోయి, హైదరాబాదు రాష్ట్రం పోయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, తెలంగాణ విడివడిన తరువాత కూడా అది అదే పనిలో ఉంది. నేడు అది తల్లిదండ్రులిద్దరూ లేనివారికీ, ఒకరు మాత్రమే ఉన్నవారికీ ఆవాస విద్యాలయంగా ప్రభుత్వ సంక్షేమ శాఖ పరిధిలో నడుస్తున్నది. తెలుగు జిల్లాలలో ఇటువంటి ప్రయత్నం మరొకటి కాకినాడలో జరిగింది. పిఠాపురం రాజా పోషణలో, బ్రహ్మసమాజ భావాల నేపథ్యంలో అక్కడ అనాథ శరణాలయం వెలసింది. ఒకటి రాజభక్తి స్మారకం, మరొకటి సంస్కరణోద్యమ ఫలం. కాని రెండింటిలోనూ పిల్లలను లోపలికి తీసుకొనే నియమాలపై ఉన్న స్పష్టత, బయటికి పంపే నియమాలపై లేదు.

ఆశ్రమం పెట్టిన కాలంలో సరూర్‌నగర్ నగరానికి దూరంగా, చెరువు పక్కన, తోటల నడుమ ఉన్న చోటు. పిల్లలకు గాలి, వెలుతురు, ఆటస్థలం కావాలన్న ఉద్దేశానికి అది తగినదే. కాని నగరానికి దూరంగా పెరగడమంటే నగరంలో బతకడం నేర్చుకోకుండా పెరగడం కూడా. బజారులో బేరమాడడం, అద్దె ఇల్లు వెతకడం, బస్సు మారడం, అప్పు ఇచ్చేవాడిని అంచనా కట్టడం వంటివి ఇంట్లో పెరిగే పిల్లవాడు ఎవరూ నేర్పకుండానే నేర్చుకొంటాడు. గంట కొడితే అన్నం, గంట కొడితే నిద్ర అన్న క్రమంలో పెరిగినవాడికి అవి విడిగా నేర్పవలసిన పాఠాలవుతాయి.

తరువాత నగరమే ఆశ్రమం దగ్గరికి వచ్చింది. విజయవాడ రహదారి వెంట కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం కాలనీలు పెరిగాయి. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే జాగీర్దారు పేరు మీద వెలసిందని చెప్పే దిల్‌సుఖ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చేవారికి నగర ద్వారమైంది. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో మహానగర పాలక సంస్థలో కలిశాయి. ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఆశ్రమ భూమి నగరంలో అత్యంత విలువైన స్థలాలలో ఒకటైంది. 2016లో ఏర్పడిన రాచకొండ పోలీసు కమిషనరేట్ కోసం ఆ భూమిలో కొంత కేటాయించాలన్న నిర్ణయం వివాదమై హైకోర్టు దాకా వెళ్లింది. అనాథల కోసం ఇచ్చిన భూమి అనాథలకే ఉండాలన్నది వ్యతిరేకించినవారి వాదం. ఆ వాదాన్ని అంగీకరించేవారు కూడా తరువాతి ప్రశ్న వేయడం లేదు: ఆ భూమి మీద పదేళ్లు పెరిగి, పద్దెనిమిదేళ్లకు బయటికి వచ్చిన యువకుడికి అందులో ఒక గది ఎందుకు ఉండకూడదు?

5. ‘అనంతర సంరక్షణ’ మాటకు జైలు నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం ఈ విషయాన్ని జాతీయ స్థాయిలో తొలిసారి పట్టించుకొన్నవారిలో తెలుగు మహిళ ఉన్నారు. 1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1954లో రెండు సలహా సంఘాలను నియమించింది. ఒకటి సాంఘిక, నైతిక ఆరోగ్యం పేరిట ధన్వంతి రామారావు అధ్యక్షతన, రెండవది అనంతర సంరక్షణ కార్యక్రమాలపై ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఏర్పడ్డాయి. ఆ నివేదికల ఫలితంగా రెండవ పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి రాష్ట్రాలలో ‘స్టేట్ హోమ్’లు వెలిశాయి. హైదరాబాదు యూసుఫ్‌గూడలోని స్టేట్ హోమ్ ఆ కోవలోనిదే.

గోరే సంఘం పరిశీలనలో ఒక విశేషం ఉంది. జైళ్లు, శిక్షాసంస్థల నుంచి విడుదలైనవారినీ, అనాథాశ్రమాల వంటి సంస్థల నుంచి బయటికి వచ్చేవారినీ అది ఒకే చర్చలోకి తెచ్చింది. పరిపాలనా దృష్టితో చూస్తే ఇది సహజమే. ఇద్దరూ ఒక గేటు దాటి వస్తున్నారు, ఇద్దరికీ పని, నీడ కావాలి. కాని ఈ కలయిక భాషలో చెరగని ముద్ర వేసింది. 1960 నాటి కేంద్ర బాలల చట్టం, 1986 నాటి బాలన్యాయ చట్టం, 2000 నాటి చట్టం మూడూ అనంతర సంరక్షణ సంస్థల లక్ష్యాన్ని చెప్పేటప్పుడు నిజాయితీ, కష్టపడే గుణం, సమాజానికి పనికివచ్చే జీవితం అన్న మాటలు వాడాయి. తల్లిదండ్రులు చనిపోవడం తప్ప మరే నేరమూ చేయని పిల్లవాడికి నిజాయితీగా బతకడం నేర్పాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? విడుదలైన ఖైదీ కోసం తయారైన మాట అనాథకు అంటుకొంది. సైదాబాద్ పరిసరాలలో బాలుర గృహాలను ఈనాటికీ జనం ‘పిల్లల జైలు’ అనే అంటారు. అక్కడ కొంతకాలం ఉండి వచ్చిన కుర్రవాడు అద్దె గదికో పనికో వెళ్లినప్పుడు, ఏ కారణం మీద ఉన్నాడో ఎవరూ అడగరు. ఉన్నాడన్న సంగతే చాలు.

వయసు విషయంలో చట్టాలు తడబడుతూ వచ్చాయి. 1986 చట్టం ప్రకారం పదహారేళ్లు నిండిన అబ్బాయి బాలుడు కాడు, అమ్మాయికి మాత్రం పద్దెనిమిది. అంటే పదో తరగతి పూర్తిచేసిన అబ్బాయికి సంరక్షణ అక్కడితో ముగిసినట్టే. 2000 చట్టం ఇద్దరికీ పద్దెనిమిది చేసింది, అనంతర సంరక్షణ సంస్థలో గరిష్ఠంగా మూడేళ్లు ఉండవచ్చునన్నది. చట్టం ఏ వయసు చెప్పినా, ఆవాస పాఠశాలలలో గేటు వయసును బట్టి కాక తరగతిని బట్టి మూసుకొంటుంది. పై తరగతి లేకపోతే పిల్లవాడు బయటికి రావలసిందే.

6. ‘ఇవ్వవచ్చు’ అన్న క్రియ

2015 బాలన్యాయ చట్టం అనంతర సంరక్షణను స్పష్టంగా నిర్వచించింది. పద్దెనిమిది నిండి ఇరవై ఒకటి నిండని, సంస్థాగత సంరక్షణను విడిచి వచ్చినవారు సమాజ ప్రధాన స్రవంతిలో కలవడానికి ఇచ్చే ఆర్థిక, ఇతర సహాయమే అది. 46వ సెక్షను ప్రకారం, బాలల సంరక్షణ సంస్థను విడిచే వారికి ఆర్థిక సహాయం ‘అందించవచ్చు’. ఆ ఒక్క క్రియాపదం మీద చాలా ఆధారపడి ఉంది. నిర్బంధ విధ్యర్థం వాడి ఉంటే అది హక్కు అయ్యేది. ఇప్పుడది ప్రభుత్వ వెసులుబాటు.

చట్టం కంటే 2016 నమూనా నియమాలు ఉదారంగా ఉన్నాయి. వాటిలోని 25వ నియమం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చదువు, నైపుణ్యం, ఉద్యోగం, నివాసం కలిసిన కార్యక్రమం తయారుచేయాలి. ప్రత్యేక పరిస్థితులలో సహాయాన్ని ఇరవై ఒకటి తరువాత మరో రెండేళ్లు పొడిగించవచ్చు. పిల్లవాడు సంస్థను విడిచే రెండు నెలల ముందు అతడి తదుపరి ప్రణాళికను సమర్పించాలి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక సామూహిక నివాసాలు, శిక్షణ కాలంలో భృతి, స్వయం ఉపాధికి రుణాలు, సలహాదారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. 1918 నాటి వసతిగృహం అనుభవంతో కనుగొన్న నాలుగు అవసరాలను 2016 నియమం దాదాపు పూర్తిగా గుర్తించింది. ‘రెండు నెలలు’ అన్న గడువు మాత్రం విచిత్రమైనది. సొంత ఇంట్లో ఏ తండ్రీ కొడుకు భవిష్యత్తును రెండు నెలల ముందు ఆలోచించడం మొదలుపెట్టడు.

డబ్బు సంగతి. 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం అనంతర సంరక్షణకు నెలకు 2000 రూపాయలు నిర్ణయించింది. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు దానిని 4000 చేశాయి. పదమూడేళ్లలో రెట్టింపు. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి వరకు ప్రతి నెలా తప్పకుండా అందినా మొత్తం 1,44,000 రూపాయలు అవుతుంది.

7. దిల్‌సుఖ్‌నగర్ గది

ఈ మొత్తం ఏ మాత్రం పనికివస్తుందో తెలుసుకోవడానికి విక్టోరియా మెమోరియల్ స్టేషను నుంచి రెండు స్టేషన్లు వెనక్కి వెళ్తే చాలు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కమలానగర్ వీధులలో హాస్టల్ బోర్డు లేని సందు తక్కువ. గ్రూపు పరీక్షలు, బ్యాంకు పరీక్షలు, పోలీసు కొలువులు, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వచ్చే యువతీ యువకులకు అవి నిలయాలు. నలుగురైదుగురు పంచుకొనే గదికి భోజనంతో కలిపి తీసుకొనే నెల రుసుము నాలుగు వేలకు పైమాటే. దాని మీద డిపాజిట్టు, కోచింగ్ రుసుము, పుస్తకాలు, బస్సు ఛార్జీలు. ప్రభుత్వ భృతి గదికే చాలదు.

అయితే డబ్బు కంటే ముందు వచ్చే అడ్డంకి కాగితం. గదిలో చేరాలంటే ఆధార్ మీద చిరునామా, ఇంటి పెద్ద ఫోను నంబరు అడుగుతారు. ఆశ్రమంలో పెరిగినవాడి ఆధార్ మీద చిరునామా ఆశ్రమానిదే; అతడు దానిని విడిచి వచ్చాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, కులం, స్వస్థలం అన్న నాలుగు గడులు తెలుగునాట ప్రతి దరఖాస్తులోనూ వరసగా వస్తాయి. నాలుగింటినీ ఖాళీగా వదిలేసేవాడి దరఖాస్తు ముందుకు కదలడం కష్టం. కొన్ని చోట్ల మార్పు వచ్చింది. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ పాస్‌పోర్టు నియమాలు సడలించినప్పుడు, పుట్టిన తేదీకి రుజువు లేని అనాథలకు ఆశ్రమ అధిపతి ఇచ్చే ధ్రువీకరణ చాలునన్నది. మంచి సడలింపే. కాని అక్కడ కూడా సాక్ష్యం చెప్పవలసింది సంస్థే.

ఇదే షరతు తెలంగాణ వెనుకబడిన తరగతుల జాబితాలోనూ ఉంది. ఆ జాబితాలోని ‘ఎ’ వర్గంలో అనాథ బాలలకు చోటు కల్పించారు. పదేళ్లు నిండక ముందే తల్లిదండ్రులను కోల్పోయి ఉండాలి, చట్టం వల్ల గాని ఆచారం వల్ల గాని చూసుకొనేవారు ఎవరూ ఉండరాదు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన పాఠశాలలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. కులం చెప్పలేనివాడికి రిజర్వేషన్‌లో ఒక స్థానం ఇవ్వడం సామాజిక న్యాయ చరిత్రలో గొప్ప అడుగు. కుల వసతిగృహం మూసిన తలుపును ఇది కొంత తెరిచింది. అయితే పదకొండో ఏట తల్లిదండ్రులను కోల్పోయినవాడు దీనికి బయట. పొరుగింటివారు దయతలచి పెంచుకొన్న పిల్లకు, చూసుకొనేవారు లేరని రుజువు చేయడం కష్టం. ఎవరూ చేరదీయకపోవడమే అర్హత అయిన చోట, చేరదీసినవారి మంచితనం పిల్లకు నష్టంగా పరిణమిస్తుంది.

8. గేటు లేని పిల్లలు

ఇంతవరకు చూసిన చట్టాలు, నియమాలలో ఎక్కువ భాగం ఒకే చిత్రాన్ని మనసులో పెట్టుకొని తయారైనవి: ఒక ఆవరణ, ఒక గేటు, దాని నుంచి బయటికి వచ్చే యువకుడు. విధానం మాత్రం వేరే దిశలో నడుస్తున్నది. పిల్లలను సంస్థలలో ఉంచడం చివరి మార్గం కావాలని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు సూచించాయి. 2015 చట్టం 44వ సెక్షనులో పోషక సంరక్షణకు చోటిచ్చింది. దానికి 2016లో నమూనా మార్గదర్శకాలు వచ్చాయి, 2024లో వాటిని సవరించారు. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద పిల్లవాడిని సొంత తల్లిదండ్రులు కాని కుటుంబంలో ఉంచుతారు. ఆ కుటుంబానికి మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు ఇవ్వవచ్చు. ఆశ్రమ గంటల మధ్య పెరగడం కంటే ఒక ఇంట్లో పెరగడం మేలన్నది నిర్వివాదం.

చిక్కు పద్దెనిమిదో పుట్టినరోజు నాడు వస్తుంది. ఆ రోజుతో అతడు చట్టం దృష్టిలో బాలుడు కాడు కనుక కుటుంబానికి వచ్చే సహాయం ఆగుతుంది. అనంతర సంరక్షణ నిర్వచనం సంస్థాగత సంరక్షణను విడిచినవారి గురించి చెబుతుంది. 46వ సెక్షను సంస్థను విడిచే వారి గురించి చెబుతుంది. ఈ యువకుడు ఏ సంస్థలోనూ లేడు. అతడు దాటి వచ్చిన గేటు లేదు. అదే ఈడు, అదే అవసరం ఉన్న ఇద్దరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే గదిలో దిగితే, ఆశ్రమం నుంచి వచ్చినవాడి పేరు చట్టం నిర్వచనంలో ఉంటుంది, పోషక కుటుంబం నుంచి వచ్చినవాడి పేరు ఉండదు. ఆ కుటుంబం అతడిని ఇంకా తన ఇంట్లోనే ఉంచుకోవచ్చు. చాలా కుటుంబాలు ఉంచుకొంటాయి కూడా. కాని అది మళ్లీ పాత ‘పెంపకం’ స్థితికే వస్తుంది, పెంచినవారి మంచితనానికి వదిలిన విషయమవుతుంది.

పోషక సంరక్షణ బలంగా ఉన్న దేశాలు ఈ చిక్కును ముందే ఎదుర్కొన్నాయి. అమెరికా 1999లో పోషక కుటుంబాల నుంచి బయటికి వచ్చే యువత కోసం ప్రత్యేక చట్టం చేసింది. 2008లో మరొక చట్టం ద్వారా ఇరవై ఒక్క ఏళ్ల వరకు సంరక్షణను పొడిగించే వీలు రాష్ట్రాలకు కల్పించింది. ఇంగ్లండు 2014లో చేసిన ఏర్పాటు ఇంకా సూటిగా ఉంది. యువకుడూ, పోషక కుటుంబమూ ఇద్దరూ ఇష్టపడితే, ఇరవై ఒకటి వచ్చేదాకా అతడు ఆ ఇంట్లోనే ఉండడానికి స్థానిక ప్రభుత్వం తోడ్పడాలి. అక్కడ సహాయానికి ఆధారం గేటు కాదు, అనుబంధం.

అటువంటి ఆలోచన మన దేశానికి అసాధ్యమేమీ కాదు. కోవిడ్ వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం 2021 మే 29న ప్రకటించిన పీఎం కేర్స్ పథకం ఇందుకు నిదర్శనం. పిల్లవాడు ఆశ్రమంలో ఉన్నాడా, అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడా అన్నది అందులో అర్హతకు అడ్డు కాదు. తల్లిదండ్రులు పోవడమే ప్రాతిపదిక. పద్దెనిమిదేళ్లకు పది లక్షల రూపాయల నిధి సమకూరేలా, అప్పటి నుంచి ఇరవై మూడు వరకు నెలవారీ భృతి, ఇరవై మూడు నిండాక ఆ నిధి చేతికి వచ్చేలా ఏర్పాటు చేశారు. స్వతంత్ర జీవనం పద్దెనిమిదో ఏట ఒక్కరోజులో మొదలవదనీ, దానికి ఐదేళ్లు పడుతుందనీ రాజ్యం స్పష్టంగా అంగీకరించిన సందర్భమిది. అదే సంవత్సరం రోడ్డు ప్రమాదంలో ఇద్దరినీ పోగొట్టుకొన్న పిల్లకు ఈ అంగీకారం వర్తించదు.

2021లోనే బాలన్యాయ చట్టాన్ని పార్లమెంటు సవరించింది. జిల్లా కలెక్టర్లకు పర్యవేక్షణాధికారం పెరిగింది, దత్తత ఉత్తర్వులు న్యాయస్థానాల నుంచి కలెక్టర్లకు మారాయి. అనంతర సంరక్షణ నిర్వచనంలో ‘సంస్థాగత’ అన్న విశేషణం అలాగే ఉండిపోయింది. రాష్ట్రాలకు మాత్రం సొంత పథకాలు రూపొందించుకొనే వీలు ఉంది. సమితి ఉత్తర్వు మీద పోషక కుటుంబంలో పెరిగిన ప్రతి ఒక్కరి వివరాలూ జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గర ఉంటాయి; వారిలో ఎవరికి ఎప్పుడు పద్దెనిమిది నిండుతుందో ఆ విభాగానికి ఏళ్ల ముందే తెలుసు.